మావయ్యగారి ప్రోటాన్ లెక్క

పోయిన నెలలో ఒక సాయంత్రం మా వీధి చివరింటాయన, కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, చంకలో లావుపాటి స్పైరల్ బైండింగు పుస్తకం ఒకటి పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పరమాణువులో ఉండే కణాలన్నిటి బరువులకూ మూలమైన సూత్రం తనకు దొరికిందని, ఉద్యోగంలో ఉండగా మొదలుపెట్టిన లెక్కలు ఇప్పటికి ఒక కొలిక్కి వచ్చాయని చెప్పి, ఆ పుస్తకం నా ముందు పెట్టి, "మీరు ఫిజిక్సు చెప్పినవారు కదండీ మేడమ్‌గారూ. మొత్తం చదవక్కర్లేదు. పైపైన తిరగేసి, బాగుందని రెండు ముక్కలు రాసి సంతకం పెడితే చాలండి" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. చదవకుండా ఒక్క అక్షరం కూడా రాయనండీ అని నేనన్న తీరు కటువుగానే ఉండి ఉంటుంది, ఆయన ముఖం చిన్నబోయింది. కాఫీ సగం తాగి, పుస్తకం వదిలేసి వెళ్లిపోయారు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే పెన్సిలు పుచ్చుకుని, ఒక్కొక్క గుణకారం, ఒక్కొక్క భాగహారం నా చేత్తో నేను చేసి చూస్తున్నాను. మా అమ్మాయి చూసి, ఎవరిదో పిచ్చి లెక్కకు నీకింత అవస్థ ఏమిటమ్మా అని నవ్వింది. దానికి చెప్పలేదు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మీలో నా వయసువాళ్లు, ఒకప్పుడు తొందరలో ఒక మాట అనేసి ఆ మాటతోనే జీవితమంతా కాపురం చేసినవాళ్లు ఉంటే, అర్థం చేసుకుంటారని చెబుతున్నాను.

నా పెళ్లి ఎనభైల మొదట్లో జరిగింది. గుంటూరులో పుట్టి పెరిగి, ఎమ్మెస్సీ ఫిజిక్సు పాసై, ఫలితాలు వచ్చిన రెండు నెలలకే పిడుగురాళ్లలో కోడలినయ్యాను. ఆ రోజుల్లో గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే మీటరు గేజి రైలు ఎక్కినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: సత్తెనపల్లి దాటేదాకా రెండు పక్కలా పత్తి చేలు, మిరప తోటలు, కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు, గాలి ఇటు తిరిగిందంటే పెట్టెలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా తుమ్మడం. ఆ తరువాత ఎరుపు తగ్గి తెలుపు మొదలయ్యేది. పిడుగురాళ్ల దగ్గరపడుతున్నకొద్దీ వేపాకులు తెల్లగా, ఇళ్ల పెంకులు తెల్లగా, రోడ్డు పక్కన నడిచే గేదెల వీపులు కూడా తెల్లగా కనిపించేవి. అంతా సున్నపు దుమ్ము. కొత్త పెళ్లికూతురిగా రైలు దిగిన నాకు ఆ ఊరు, ఎవరో పిండి జల్లెడపట్టి చేతులు దులుపుకోవడం మరచిపోయినట్టు అనిపించింది.

మా మావయ్యగారు అక్కడ ఒక సున్నపు బట్టీలో పాతికేళ్లుగా పనిచేస్తున్నారు. మొదట కాటా దగ్గర తూకం చూసే పని, తరువాత బట్టీ మొత్తం మీద పెద్దరికం. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉండేవారు. ఎంత స్నానం చేసినా కనురెప్పల వెంట్రుకల మొదళ్లలో తెలుపు పోయేది కాదు. వేళ్ల సందులు సున్నానికి పగిలిపోయి ఉంటే అత్తయ్యగారు సాయంత్రాలు కొబ్బరినూనె రాసేవారు. చదువు మిషను బడిలో పదకొండో తరగతి వరకే. ఆదివారం చర్చిలో ఆఖరి బెంచీలో కూర్చుని, పాస్టరుగారి ప్రసంగం సాగుతుండగా ఒక్కోసారి అరచేతిలో వేలితో అంకెలు రాసుకునేవారు. ఆ రాత ఏమిటో నాకు మొదటి వారంలోనే తెలిసింది.

ఆ కథ ఆయనే చెప్పారు. తాను కాటాకి వచ్చిన కొత్తలో ఒకసారి బట్టీ యజమాని కూలీల మీద దొంగతనం మోపాడట. వంద కిలోల రాయి బట్టీలో వేస్తే బయటికి వచ్చే సున్నం యాభై ఆరు కిలోలే ఉంటోంది, మిగిలిన నలభై నాలుగూ ఎక్కడికి పోతున్నాయని ముఠా కూలీలను వరసగా నిలబెట్టి నిలదీశాడట. వాళ్లు ఏడ్చి ఒట్లు పెట్టుకున్నారు. మావయ్యగారు ఒక్క రాయి తీసుకుని, తూచి, అందరి ముందూ విడిగా కాల్చి, మళ్లీ తూచి చూపించారు. అప్పుడూ అంతే వచ్చింది. బరువు గాలిలోకి పోతోంది తప్ప ఎవరి గోనెసంచిలోకీ పోవడం లేదని తేలింది. కూలీలు బయటపడ్డారు గాని, మావయ్యగారు మాత్రం అక్కడే చిక్కుకున్నారు. ప్రతిసారీ యాభై ఆరే ఎందుకు రావాలి? యాభై అయిదు ఎందుకు కాకూడదు? చిన్నప్పుడు చదువు చెప్పిన మిషను బడి మేష్టారిని వెతుక్కుంటూ వెళ్లి అడిగితే, ఆయన పరమాణు భారాల పట్టిక చూపించి, కాల్షియం నలభై, ఆక్సిజన్ పదహారు, రెండూ కలిపితే యాభై ఆరు, గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువు నలభై నాలుగు, అంతే నాయనా అన్నారట. అది విన్న రోజున ఇంటికి నడిచి వస్తుంటే ఒళ్లంతా గగుర్పొడిచిందని, బట్టీలో మండే రాళ్ల లోపల ఎవరో కూర్చుని లెక్క తప్పకుండా తూస్తున్నట్టనిపించిందని ఆయన నాతో అన్నప్పుడు, ఆ తెల్లటి కనురెప్పల వెనక కళ్లు తడిగా మెరిశాయి.

అప్పటి నుంచి పరమాణువు ఆయన్ని వదలలేదు. బట్టీ పని, చర్చి, భోజనం పోగా మిగిలిన కాలమంతా దానికే. ఊళ్లో ఆ మాటలు మాట్లాడడానికి రెండో మనిషి లేడు. అలాంటి ఇంటికి ఫిజిక్సు చదివిన కోడలు వచ్చింది. పెళ్లిచూపుల్లో ఆయన నన్ను అడిగిన ప్రశ్న, వంట వచ్చా అని కాదు, ఎలక్ట్రాన్ బరువు తూచిందెలాగమ్మా అని.

కాపురానికి వచ్చిన మూడో రోజు పొద్దున్న నన్ను వసారాలోకి పిలిచి, నేల మీద చింతగింజలు పేర్చి చూపించారు. ఒక గింజ, దాని పక్కనే ఇంకొక గింజ. తరువాత రెండు వరసల చదరాలు రెండు. తరువాత మూడు వరసలవి రెండు, నాలుగు వరసలవి రెండు. రెండు, ఎనిమిది, పద్దెనిమిది, ముప్పై రెండు. పరమాణువులో ఎలక్ట్రాన్లు పొరలు పొరలుగా ఉంటాయని, ఒక్కో పొరలో పట్టే సంఖ్యలు అవేనని పట్టికలో చూసి, ఆ సంఖ్యలకు క్రమం ఏమిటో నాలుగేళ్లు వెతికి ఈ చదరాలు కనిపెట్టానని చెప్పారు.

"ఇది మా పుస్తకాల్లో ఉందండీ మావయ్యగారూ," అన్నాను నేను. ఇంటర్మీడియెట్ పిల్లలు కూడా బట్టీపట్టే సూత్రం అది. అనేసిన తరువాత, అయ్యో అనిపించింది.

ఆయన ముఖం వాడిపోతుందనుకున్నాను. అలా జరగలేదు. "ఉందా!" అని ఒక్కసారి లేచి నిలబడి, లోపలికి కేకేశారు. "ఏమేవ్, విన్నావా? కోడలి పుస్తకంలో కూడా ఇట్లాగే ఉందంట! అయితే నేను దారి తప్పలా!"

"ఉంటే ఉందిలెండి," అన్నారు అత్తయ్యగారు లోపలి నుంచే. "ఆ గింజలు ఎత్తి పెట్టండి, కాళ్ల కింద పడతన్నాయి."

నాకు ఆయన మీద ఇష్టం పుట్టింది ఆ పూటే. దాన్ని నిలబెట్టుకోవడమే చేతకాలేదు.

ఆ ఏడాది నాకు సత్తెనపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరరుగా పని దొరికింది. మావారిది కాలువల శాఖలో ఉద్యోగం, ఎప్పుడూ క్యాంపులే, వారానికొకసారి వచ్చేవారు. నేను పొద్దున రైలుకు వెళ్లి సాయంత్రం రైలుకు వచ్చేదాన్ని. ఈస్టరు వెళ్లిన వారంలో మావయ్యగారు నా చేతికి ఒక లాంగ్ నోట్సు ఇచ్చారు. ఖాకీ కాగితం అట్ట వేసి, గుండ్రటి దస్తూరితో తెలుగులో నలభై ఆరు పేజీలు రాసిన సాఫు ప్రతి. పాతికేళ్ల పని. ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్ బరువుకు పద్దెనిమిది వందల ముప్పై ఆరు రెట్లకు కాస్త ఎక్కువ అని, న్యూట్రాన్ దానికన్నా ఇంకో రెండు మూడు ఎలక్ట్రాన్ల బరువు ఎక్కువ అని మనం చదువుకున్నాం కదా, ఆ సంఖ్యలే ఎందుకు రావాలన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. దానికి జవాబు దొరికిందని ఆయన నమ్మకం.

"తొందరేం లేదమ్మాయ్," అన్నారు. "తీరిగ్గా చూడు. తప్పుంటే తప్పని రాయి. నాకు అదే కావాల."

నేను మొదటి రెండు పేజీలు చదివాను. సృష్టికర్త చేతి తూకం గురించి ఏదో ముందుమాట ఉంది. తరువాత చూద్దామని ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టాను. నిజం చెప్పాలంటే తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కాలేజీ ఉంది, పేపర్లు దిద్దడం ఉంది, ఆ వేసవిలో కడుపుతో ఉన్నాను, అన్నీ నిజమే. కాని వాటన్నిటి కింద ఇంకొకటి ఉండేది. పదకొండో తరగతి చదివి సున్నం కాల్చుకునే మనిషి ప్రోటాన్ బరువు తేల్చడమేమిటి అన్న చిన్నచూపు. చదివితే నవ్వొస్తుందేమో, నవ్వితే ఆయనకు తెలిసిపోతుందేమో అన్న భయం. ఆ పుస్తకం తెరవకపోవడమే ఆయనకు నేనిచ్చే మర్యాద అని ఎలాగో నాకు నేను నచ్చచెప్పుకున్నాను.

ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. సాయంత్రం నేను రైలు దిగి వచ్చే వేళకు బట్టీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వాకిట్లో నిలబడి ఉండేవారు. "రైలు ఆలస్యమైందామ్మా?" అనేవారు. ఆలస్యం కాని రోజు కూడా అదే మాట. నేను అవునండీ అనో లేదండీ అనో లోపలికి వెళ్లిపోయేదాన్ని. ఆ ప్రశ్న రైలు గురించి కాదని నాకు తెలుసు. ఏడు నెలలు అలా నడిచింది.

మా పాస్టరుగారి బంధువొకాయన ఒక యూనివర్సిటీలో ప్రొఫెసరు. పాస్టరుగారు రాసిన ఉత్తరానికి జవాబుగా ఆయన దగ్గర నుంచి కార్డు వచ్చింది, వచ్చే గురువారం పదకొండు గంటలకు వస్తే పావుగంట చూస్తానని. ఆ కార్డును మావయ్యగారు బైబిలులో పెట్టుకుని తీసి తీసి చూసుకున్నారు. బుధవారం సాయంత్రం నేను వంటింట్లో పప్పు తాళింపు పెడుతుంటే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మావయ్యగారు వంటింటి గుమ్మం దాకా రావడం అదే మొదటిసారి.

"అమ్మాయ్, ఆ పుస్తకం చూడటం అయిందామ్మా?"

"అయింది మావయ్యగారూ," అన్నాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి. "మొన్ననే అయిపోయింది."

"తప్పులేమన్నా…"

"లేవండీ. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి."

ఆయన తలుపు చెక్క మీద చెయ్యి ఆన్చి నిలబడ్డారు. తరువాత చాలా మొహమాటంగా, "ఆ ముక్కే రాసిస్తావా? నేను చదువుకున్నోణ్ణి కాదు గదా. నీ మాటకైతే విలువుంటది," అన్నారు.

నేను చేతులు తుడుచుకుని, పెట్టెలోంచి పుస్తకం తీసి, అట్ట లోపలి వైపున రాశాను: ఇందులోని గణనలన్నీ నేను పూర్తిగా పరిశీలించాను, సరియైనవి. కింద సంతకం. సంతకం కింద, ఆయన కోరిక మీద, ఎం.ఎస్సీ. అని. పప్పు మాడు వాసన వస్తోందని అత్తయ్యగారు కేకేస్తే పరుగెత్తాను. అంతే. ఆ పని అంతా అయిదు నిమిషాలు పట్టింది.

మర్నాడు చీకటి విడిచీ విడవకముందే ఇస్త్రీ పంచె కట్టుకుని, కొత్త చెప్పులు తొడుక్కుని, పుస్తకం తువ్వాల్లో చుట్టుకుని వెళ్లారు. శుక్రవారం సాయంత్రం తిరిగి వచ్చారు. నేను మంచినీళ్లు ఇచ్చాను. ఎలా జరిగింది నాన్నా అని మావారు అడిగితే, "బాగానే మాట్లాడారు. మర్యాద గల మనిషి," అన్నారు. అన్నం తిన్నారు. చేయి కడుక్కుని, కొత్త చెప్పులు కరిచిన చోట వేలితో తడుముకున్నారు. ఆ తరువాత నేను సాయంత్రం రైలు దిగి వచ్చేసరికి వాకిట్లో ఎవరూ ఉండేవారు కాదు. ఆయన పెరట్లో కూర్చుని, అత్తయ్యగారికి సాయంగా మిరపకాయల తొడిమలు తీస్తుండేవారు. ఎవరూ నన్నేమీ అడగనందుకు నాకు హాయిగా అనిపించింది.

క్రిస్మసుకు ముందు ఇంటికి సున్నం వేయడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. మావయ్యగారు స్వయంగా సున్నం నానబెట్టి, వడగట్టి, నీలిమందు కలిపి సిద్ధం చేస్తున్నారు. నెలలు నిండుతున్నాయి, నువ్వు ఎక్కకు అని అత్తయ్యగారు అంటున్నా వినకుండా, స్టూలు వేసుకుని అటక మీది సామాను నేను దించుతున్నాను. పాత గోనెసంచిలో ఆ నోట్సు దొరికింది. ఖాకీ అట్ట అలాగే ఉంది. తెరిచాను. నేను రాసిన మాటలు కనిపించాయి. సంతకం కింద ఎం.ఎస్సీ. అన్న అక్షరాల కింద ఎవరో ఎర్ర పెన్సిలుతో సన్నని గీత గీసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

స్టూలు దిగి నేల మీద కూర్చున్నాను. అక్కడే, దుమ్ములో కూర్చుని, నలభై ఆరు పేజీలూ మొదటిసారి చదివాను.

ఆయన తెలివితక్కువ మనిషి కాదు. పేజీ పేజీకీ నాకు సిగ్గు పెరిగింది. ప్రోటాన్‌కు ఆయన కనిపెట్టిన లెక్క చాలా చిన్నది. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఉంది కదా, మనమంతా పై అని చదువుకున్నది, దాన్ని అయిదుసార్లు వేసి గుణించి, ఆ వచ్చినదాన్ని ఆరుతో హెచ్చవేస్తే ప్రోటాన్ సంఖ్య వస్తుంది. లాగ్ టేబుల్స్ పుస్తకంలో ఇచ్చిన 3.1416 తీసుకుని చేశారు. న్యూట్రాన్‌కు వేరే లెక్క ఉంది. అది అంతకు పదిహేనేళ్ల ముందు చేసినదని, ఆ పాత నోట్సు బట్టీలో సున్నపు నీళ్లు పడి పై సగం పాడైపోయిందని, చివరి భిన్నం మాత్రమే మిగిలిందని ఆయనే రాసుకున్నారు. మూడు కోట్ల తొమ్మిది లక్షల పైచిలుకు సంఖ్య ఒకటి, దాని కింద 16,807. భాగిస్తే న్యూట్రాన్ సంఖ్య కన్నా దాదాపు ఒకటి ఎక్కువ వస్తోంది. ఆ ఒకటి, న్యూట్రాన్ లోపల దాక్కున్న ఒక ఎలక్ట్రాన్ బరువని ఆయన ఎంతో అందంగా వివరించారు. ప్రోటాన్‌కు ఒక సూత్రం, న్యూట్రాన్‌కు ఒక సూత్రం, రెండూ కలిసి సృష్టి రహస్యం. ఇరవై పేజీలు దాని మీదే కట్టారు.

ఆ పేజీ అంచున ఎర్ర పెన్సిలుతో ఒక్క ముక్క ఉంది: 22/7?

16,807ను ఏడుతో భాగించాను. పోయింది. మళ్లీ ఏడుతో. మళ్లీ. అయిదుసార్లూ నిశ్శేషంగా పోయింది. భిన్నంలో గీత మీదున్న సంఖ్య, ఇరవై రెండును అయిదుసార్లు వేసి గుణించి ఆరుతో హెచ్చవేసినది. రెండూ ఒకటే లెక్క. కుర్రతనంలో బళ్లో నేర్పిన 22/7తో చేశారు, పెద్దయ్యాక 3.1416తో చేశారు, మధ్యలో మొదటిది ఎలా చేశారో మరిచిపోయారు. ఆ తేడాయే ఆయన న్యూట్రాన్. పదో తరగతి పిల్ల కూడా పట్టుకోగల తప్పు. పట్టుకోవడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఏడు నెలల్లో ఏదో ఒక సాయంత్రం ఆ పది నిమిషాలు కూర్చుని ఉంటే, మేమిద్దరం వసారాలో కూర్చుని దాన్ని కొట్టేసి, నవ్వుకుని, మిగిలినదాన్ని చూసుకునేవాళ్లం. దాన్ని ఆయన పరాయి ఊళ్లో, పరాయి మనిషి బల్ల ముందు, నా సంతకం చేతిలో పట్టుకుని నిలబడి విన్నారు.

పుస్తకం పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. ఆయన కుంచె ముంచి గోడ మీద వేస్తున్నారు. తడి గోడ బూడిద రంగులో ఉంది. ఆరితే గాని తెల్లబడదు కదా.

"మావయ్యగారూ, నేను ఆ రోజు…" అని ఆగిపోయాను.

ఆయన నా చేతిలో పుస్తకం చూశారు. కుంచె డబ్బాలో పెట్టారు. "ఊరుకోమ్మా," అన్నారు. "వచ్చేప్పుడు రైల్లో అదే ఆలోచిస్తా వచ్చాను. అంత చిన్న తప్పు నీ కంట పడకుండా పోదు. ముసలాడు పాతికేళ్లు తంటాలు పడ్డాడు, ఏం చెబుతాంలే అని ఊరుకున్నావు. అంతే గదా?"

ఆయన ముఖం చూశాను. ఆ జవాబు వెతుక్కోవడానికి ఆయన ఎంత దూరం నడిచారో ఆ ముఖంలో తెలుస్తోంది. నేను, "అవునండీ," అన్నాను.

"నాకు తెలుసు," అని ఆయన కుంచె తీసుకున్నారు. "కాని ఇంకెప్పుడూ అట్టా చెయ్యొద్దు. నొచ్చుకున్నా సరే, చెప్పాల."

మొదటి అబద్ధం తొందరలో ఆడాను. రెండోది నిదానంగా, కళ్లలోకి చూస్తూ ఆడాను. నన్ను ఇన్నేళ్లూ వెంటాడింది ఆ రెండోదే. ఎందుకంటే అది ఆయనకు నచ్చింది. ఆ తరువాత మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా, మా కోడలు ఒకరి మనసు నొప్పించే పిల్ల కాదండీ అని చెప్పేవారు. నేను మజ్జిగ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి వినాల్సి వచ్చేది. మళ్లీ ఆయన పెన్సిలు పట్టలేదు. మా పాప పుట్టి, పాకి, నడిచి, మాట్లాడడం మొదలుపెట్టింది. నాలుగేళ్లు గడిచాయి. ఎప్పుడైనా ఆయన ఒంటరిగా కూర్చుని ఉంటే అరచేతి వైపు చూసేదాన్ని. వేలు కదిలేది కాదు.

ముప్పై ఏళ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుని ఆయన మంచం పట్టారు. దగ్గు, ఆయాసం, నాలుగు మాటలకొకసారి ఆగడం. మందులు ఇప్పిస్తున్నాం, గుణం కనిపించడం లేదు. ఒక వానాకాలపు మధ్యాహ్నం, పొద్దుటి వాన వెలిసి ఎండ కాసిన వేళ, అత్తయ్యగారు పాపను తీసుకుని పక్కింటికి వెళ్లారు. నేను ఆయన పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన కళ్లు తెరిచి, "ప్రోటాన్‌ది కూడా తప్పేనా అమ్మా?" అన్నారు.

నాలుగేళ్లలో అదే మొదటిసారి ఆ పేరు ఎత్తడం. నేను లేచి వెళ్లి, కాగితాలు, పెన్సిలు తెచ్చుకున్నాను. "ఇప్పుడే చూద్దామండీ," అని, ఆయనకు కనిపించేలా మంచం మీదే కాగితం పెట్టి మొదలుపెట్టాను. అయిదు గుణకారాలు. ప్రతి అంకెనూ పైకి చదువుతూ, పక్క స్థానానికి మోసుకున్నది చెబుతూ, కూడుతూ. ఆయన పెదవులు నాతోపాటు కదిలాయి. రెండో గుణకారంలో నేను ఒక చోట తప్పు కూడితే, "ఏడు," అన్నారు. దిద్దుకున్నాను. బయట చూరు నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. గంటన్నర పట్టి ఉంటుంది. చివర ఆరుతో హెచ్చవేస్తే 1836.14 వచ్చింది. మా పుస్తకాల్లో ఉన్నది 1836.15.

"లెక్క తప్పు కాదండీ," అన్నాను. "సరిగ్గానే చేశారు. ఎందుకలా కలుస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఊరికే కలిసిందేమో కూడా."

ఆయన తల ఊపారు. ముఖంలో ఎప్పటిదో ఒక వెలుగు. కాసేపటికి, "అప్పుడు కూడా ఇట్లాగే చేసి చూశావా?" అన్నారు.

"లేదండీ." పెన్సిలు కింద పెట్టాను. "అప్పుడు పుస్తకం తెరవలేదు మావయ్యగారూ. చదవకుండానే సంతకం పెట్టాను. గోడకు సున్నం వేసేరోజున మీరడిగితే కూడా అబద్ధం చెప్పాను."

ఆయన కళ్లు మూసుకున్నారు. ఊపిరి బరువుగా వస్తోంది. చాలాసేపు గడిచిన తరువాత, కళ్లు తెరవకుండానే, "ఆ నాలుగోది మళ్లా చదువమ్మా," అన్నారు.

నాలుగో గుణకారం మళ్లీ చదివాను. మూడు వందల ఆరు పాయింట్ సున్నా రెండు. చదువుతుండగానే ఆయన నిద్రలోకి జారుకున్నారు. ఆ తరువాత పది రోజులు బతికారు. మామూలుగానే మాట్లాడారు, పాపను పిలిచారు, నా చేత్తో జావ తాగారు. ఆ విషయం ఎత్తలేదు. నా మాట విని, విన్నట్టు తెలియనివ్వకుండా దయ చూపారా? విని, జవాబు చెప్పడం ఇష్టం లేక లెక్క వైపు మళ్లిపోయారా? లేక ఆయాసంలో, తన అంకెల్లో తాను ఉండి అసలు విననే లేదా? ఇంకొకసారి చెప్పే ధైర్యం నాకు చాలలేదు. తరువాత కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను. ఎలక్ట్రాన్ పొరల పాఠం వచ్చిన రోజున బోర్డు మీద రెండు, ఎనిమిది, పద్దెనిమిది రాస్తుంటే వెనక ఆఖరి బెంచీలో ఎవరో ముందుకు వంగి కూర్చున్నట్టు అనిపించేది. తిరిగి చూసేదాన్ని. పిల్లలు నవ్వుకునేవారు.

ఆరుతో హెచ్చవేసే ఆ లెక్క మీద దేశదేశాల్లో ఇంకా ఎందరి కన్నో పడిందని చాలా కాలానికి ఎక్కడో చదివాను. అది కాకతాళీయమనే పెద్దలంటారు. కావచ్చు.

ఈమధ్య ఒక పెళ్లికి పిడుగురాళ్ల వెళ్లాను. మీటరు గేజి ఎప్పుడో పోయింది, పెద్ద రైళ్లు వచ్చాయి, సత్తెనపల్లి ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. ఇళ్లకు సున్నాలు లేవు, డబ్బాల్లో వచ్చే రంగులు. పెళ్లిపందిట్లో ఒక పన్నెండేళ్ల పిల్ల పక్కన కూర్చుంటే, ఊరికే, పైని అయిదుసార్లు గుణించి ఆరుతో హెచ్చవేయమన్నాను. ఫోను మీద రెండు వేళ్లు ఆడించి, తలెత్తకుండానే జవాబు చెప్పేసింది. 3.1416 కన్నా సూక్ష్మమైన పై విలువ ఆ ఫోనుకు తెలుసు కాబట్టి, 1836.12 అని. తప్పుంటే ఫోను ఎవరి మొహమాటమూ చూసుకోదు. మంచిదే. ఆ రోజుల్లో అలాంటిది ఉండి ఉంటే మావయ్యగారు నాకోసం వాకిట్లో నిలబడేవారు కాదు, నేను ఆయన్ని నిలబెట్టేదాన్నీ కాదు. ఇప్పుడెవరూ ఎవరి తీరిక కోసమూ అలా నెలల తరబడి ఎదురుచూడనక్కర్లేదు. అది తలచుకుని సంతోషించాలో ఏమో తెలియక, ఆ పిల్లను ఇంకొక్కసారి నెమ్మదిగా, పైకి చెబుతూ చేయవా అమ్మా అని అడిగాను. ఎందుకు మామ్మా, వచ్చేసిందిగా, అని అది ఫోను పక్కన పెట్టి ఆడుకోవడానికి పరుగెత్తింది.